ఇరవై నిమిషాలు, ఒక గాజు ట్యూబు

పాము కాటేసిన మనిషి రక్తం గడ్డకడుతోందో లేదో తేల్చడానికి కరెంటు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. బస్తర్ లాంటి చోట్ల ప్రాణాన్ని నిలబెట్టే ఈ పరీక్షను పాడుచేసేది పేదరికం కన్నా అజాగ్రత్తే

తొలకరి పడగానే బస్తర్‌లో రైతులు పొలాల్లోకి దిగుతారు. నీళ్లు నిండిన కన్నాల్లోంచి పాములు బయటికి వస్తాయి. గట్ల మీద, గడ్డివాముల పక్కన, పూరిళ్లలో నేల మీద పరిచిన చాపల దగ్గర రెండు పక్షాలూ ఎదురుపడతాయి. ఆ తర్వాతి దృశ్యం ఇక్కడి ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి కొత్తేమీ కాదు. రోగిని మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తీసుకొస్తారు. రోడ్డు లేని ఊరైతే మంచం మీద మోసుకొస్తారు. కాలు వాచి ఉంటుంది. కరిచిందేమిటని అడిగితే కొందరు పాము అంటారు, కొందరు పురుగంటారు, చీకట్లో ఏమీ కనిపించలేదని ఇంకొందరు అంటారు.

అప్పుడు డాక్టరు ముందున్న ప్రశ్నలు రెండు. ఒంట్లోకి విషం దిగిందా? దిగితే అది ఏ రకం? విషపు పాము కాటేసినంత మాత్రాన ప్రతిసారీ విషం ఎక్కదు. కొన్నిసార్లు కోరలు దిగినా విషం వదలకుండానే పాము వెళ్లిపోతుంది. వీటినే పొడి కాట్లు అంటారు. విషం లేని పాములు కరిచినవాళ్లూ భయంతో చెమటలు కక్కుతూ వస్తారు. అందరికీ విరుగుడు మందు ఎక్కించడానికి లేదు. ఆ మందు గుర్రపు రక్తం నుంచి తీసింది. కొందరిలో అదే ప్రాణం మీదికి తెచ్చేంత ఎలర్జీ కలిగిస్తుంది. అలాగని ఆలస్యం చేస్తే విషం తన పని తాను చేసుకుపోతుంది.

ఈ చిక్కుముడిని విప్పడానికి వైద్యశాస్త్రం దగ్గర చాలా చవకైన సాధనం ఒకటుంది. రోగి నరం నుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కొత్తదీ శుభ్రమైనదీ పొడిగా ఉన్నదీ అయిన గాజు ట్యూబులో పోయాలి. గది వాతావరణంలోనే నిలువుగా ఉంచాలి. ఇరవై నిమిషాల పాటు ముట్టుకోకూడదు. తర్వాత ఒకే ఒక్కసారి వంచి చూడాలి. రక్తం గడ్డకట్టి అడుగున నిలిస్తే అప్పటికి గండం లేనట్టు. నీళ్లలా జారితే రక్తాన్ని పాడుచేసే విషం ఒంట్లో ఉన్నట్టు. వెంటనే విరుగుడు మొదలుపెట్టాలి. 'ట్వంటీ మినిట్ హోల్ బ్లడ్ క్లాటింగ్ టెస్ట్' అని వైద్యులు పిలిచే పరీక్ష ఇంతే.

కనిపెట్టినప్పుడు కూడా ఇది పెద్ద ఆసుపత్రుల కోసం పుట్టింది కాదు. డేవిడ్ వారెల్, ఆయన సహచరులు నైజీరియాలో చిన్నజాతి రక్తపింజరల కాట్లకు చికిత్స చేస్తూ 1977లో ప్రచురించిన పరిశోధన ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చింది. దీని వంశం ఇంకా పాతది. రక్తాన్ని గాజు ట్యూబులో పోసి ఎంతసేపట్లో గడ్డకడుతుందో లెక్కపెట్టే లీ-వైట్ పద్ధతి 1913 నాటిది. దానికి నీళ్ల తొట్టి, స్థిరమైన ఉష్ణోగ్రత, మాటిమాటికీ ట్యూబు వంచి చూసే మనిషి కావాలి. వారెల్ బృందం పద్ధతిలో ఆ హంగులేవీ లేవు. ఎంతసేపట్లో గడ్డకట్టిందన్న ప్రశ్నను పక్కనబెట్టి, ఇరవై నిమిషాల్లో కట్టిందా లేదా అన్నది ఒక్కటే అడుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలూ, భారత ప్రభుత్వ చికిత్సా ప్రమాణాలూ ఇప్పటికీ దీన్నే సిఫార్సు చేస్తున్నాయి.

పొడిగా ఉన్న గాజే ఎందుకన్నది తెలిస్తే పరీక్షలో కిటుకు అర్థమవుతుంది. రక్తం గడ్డకట్టడం రెండు అంచెల్లో జరుగుతుంది. రక్తనాళం తెగగానే ప్లేట్‌లెట్లనే చిన్న కణాలు అక్కడికి చేరి, ఒకదానికొకటి అతుక్కుని తాత్కాలికంగా బిరడా వేస్తాయి. ఆలోగా రక్తంలోని డజను దాకా ప్రొటీన్లు ఒకదాన్నొకటి తట్టిలేపుకుంటూ పోయి, చివరికి ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్‌ను పీచులాంటి ఫైబ్రిన్‌గా మారుస్తాయి. ఆ పీచు వలే బిరడాను గట్టిపరుస్తుంది. ట్యూబులో రక్తనాళం ఉండదు కాబట్టి, ఈ గొలుసును కదిలించే పని గాజు చేస్తుంది. శుభ్రమైన గాజు ఉపరితలం తగలగానే పన్నెండో నంబరు ప్రొటీన్ మేల్కొంటుంది. ప్లాస్టిక్‌కు ఆ గుణం చాలా తక్కువ. డిటర్జెంట్‌తో కడిగిన గాజు కూడా ఆ గుణాన్ని పోగొట్టుకుంటుంది.

ఆ పన్నెండో ప్రొటీన్ కథ కూడా గాజు ట్యూబుతోనే మొదలైంది. అమెరికాలో జాన్ హేగ్‌మన్ అనే రైల్వే ఉద్యోగికి ఆపరేషన్ ముందు మామూలు పరీక్షలు చేస్తే, ఎంతసేపు చూసినా ఆయన రక్తం ట్యూబులో గడ్డకట్టలేదు. కానీ ఆయనకు జీవితంలో ఎన్నడూ విపరీతంగా రక్తం కారింది లేదు. ఆస్కార్ రాట్నాఫ్, జోన్ కొలోపీ 1955లో ఈ వింతను వివరించారు. ఆయన రక్తంలో లోపించిన ప్రొటీన్‌కు హేగ్‌మన్ ఫ్యాక్టర్ అన్న పేరు నిలిచిపోయింది. గాజులో రక్తం గడ్డకట్టడానికి అది తప్పనిసరి. గాయం మానడానికి కాదు. అంటే ట్యూబులో కనిపించేది ఒంట్లో జరిగేదానికి అచ్చమైన నకలు కాదు. హేగ్‌మన్ 1968లో మరణించారు. కారణం రక్తస్రావం కాదు, ఊపిరితిత్తుల్లోకి చేరిన రక్తపు గడ్డ! పరీక్ష ఫలితాన్ని రోగిని చూస్తూ చదవాలని చెప్పడానికి వైద్య కళాశాలల్లో ఇంతకు మించిన ఉదాహరణ ఉండదు.

ఇక పాము సంగతి. ఈ కథలో ప్రధాన పాత్రధారికి తెలుగు నేలతో పాత బంధమే ఉంది. ఇనుప ఖనిజంతో కిరండూల్ నుంచి బయల్దేరే గూడ్సు బళ్లు బస్తర్ కొండలు దిగి విశాఖపట్నం చేరతాయి. ఆ విశాఖలోనే 1780లలో ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేస్తూ కోరమాండల్ తీరపు పాములను సేకరించాడు. 1796లో అచ్చయిన ఆయన పుస్తకంలో పాములకు స్థానికులు చెప్పిన పేర్లే వాడాడు. అందులో 'కాటుక రేకుల పొడ' అని నమోదైన పామునే ఆ మరుసటి ఏడాది శాస్త్రజ్ఞులు రసెల్ పేరుతో పిలవడం మొదలుపెట్టారు. కట్లపాముల జాతికి శాస్త్రీయ నామమైన 'బంగారస్' కూడా ఆయన రాసుకున్న 'బంగారు పాము' అన్న తెలుగు మాట నుంచి వచ్చిందే.

రసెల్స్ వైపర్‌ను తెలుగువాళ్లు రక్తపింజర అంటారు. ఆ పేరులోనే రోగనిర్ధారణ ఉంది. కాటు పడ్డ చోట నుంచి, చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం రావడం పల్లెల్లో తరతరాలుగా చూస్తున్నదే. దాని విషం రక్తాన్ని పలచబరుస్తుందని అనుకుంటారు. నిజానికి జరిగేది తిరకాసు వ్యవహారం. ఆ విషం రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. అయిదో, పదో నంబరు ప్రొటీన్లను నేరుగా తట్టిలేపుతుంది. ఒళ్లంతా చిన్నచిన్న ఫైబ్రిన్ పోగులు ఏర్పడతాయి. శరీరం వాటిని కరిగించేస్తూ ఉంటుంది. కొద్ది గంటల్లోనే ఫైబ్రినోజెన్ నిల్వ ఖాళీ అవుతుంది. పెళ్లికి తెచ్చిన బియ్యమంతా ముందురాత్రే వండి పారబోస్తే మర్నాడు విస్తళ్లలో వడ్డించడానికి ఏముంటుంది? అలాంటి స్థితిలో ఎక్కడైనా రక్తనాళం చిట్లితే ఆపేవాళ్లుండరు. అది మెదడులో చిట్లితే ఇక చేయగలిగింది తక్కువ. దీనికి తోడు మూత్రపిండాలు దెబ్బతినడం ఈ విషానికి మరో ముఖం.

ఈ గుణాన్నే వైద్యులు తమకు అనువుగా మలచుకున్నారు. బ్రిటన్‌లో మెక్‌ఫార్లేన్, బార్నెట్ 1934లో రక్తపింజర విషాన్ని బాగా పలచబరచి హిమోఫిలియా రోగుల గాయాల మీద పూసి రక్తస్రావాన్ని ఆపవచ్చని చూపారు. అది స్టిప్‌వెన్ పేరుతో మందుగా అమ్ముడైంది. నేడు నగరాల్లోని పెద్ద లేబొరేటరీల్లో, పదేపదే గర్భస్రావం అయ్యే స్త్రీలకూ, అకారణంగా నరాల్లో రక్తం గడ్డకట్టే రోగులకూ చేసే ఒక ముఖ్యమైన పరీక్షలో వాడే రసాయనం ఈ విషమే. చిన్నజాతి రక్తపింజర విషంలోని మరో పదార్థం ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా అడ్డుకుంటుంది. దాన్ని చూసే శాస్త్రజ్ఞులు టైరోఫైబాన్ అనే గుండెపోటు మందుకు రూపకల్పన చేశారు. కాటు నుంచి కోలుకోవడానికి పల్లె ఎదురుచూస్తుంటే, అదే విషం నగరంలో సీసాల్లో చేరి నిపుణుల పనికి సాయపడుతోంది.

బస్తర్‌కు, ఆ నిపుణులకు మధ్య దూరం చిన్నది కాదు. 1998లో విడగొట్టక ముందు బస్తర్ జిల్లా వైశాల్యం 39 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. కేరళ రాష్ట్రం కన్నా కాస్త ఎక్కువే. ఆ నేల మీద ఇప్పుడు ఏడు జిల్లాలున్నాయి. జగ్దల్‌పూర్‌లో వైద్య కళాశాల 2006లో మొదలైంది. అక్కడి నుంచి రాజధాని రాయ్‌పూర్ మరో 300 కిలోమీటర్లు. శబరి ఒడ్డున ఉన్న కొంట, గోదావరి-ఇంద్రావతుల సంగమానికి దగ్గర్లోని భోపాల్‌పట్నం ప్రాంతాల్లో తెలుగు వాడుక భాషే. అక్కడివాళ్లకు జగ్దల్‌పూర్ కన్నా సరిహద్దు దాటితే వచ్చే తెలుగు ఊళ్లే అందుబాటు. అయితే ఏ దిక్కుకు బయల్దేరినా మొదటి నిర్ణయం మాత్రం దారిలోని చిన్న ఆరోగ్య కేంద్రంలోనే జరగాలి. ఇక్కడే మందు మొదలుపెట్టాలా, రోగిని ముందుకు పంపాలా? నాలుగైదు గంటల ప్రయాణాన్ని రక్తం గడ్డకట్టని మనిషి తట్టుకోవాలంటే విరుగుడు ముందే ఒంట్లో పడాలి.

రక్తాన్నే పెద్ద లేబొరేటరీకి పంపితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. సరిపోదు. గడ్డకట్టే గుణాన్ని సెకన్లలో కొలిచే ప్రోథ్రాంబిన్ టైమ్ పరీక్షను ఆర్మండ్ క్విక్ 1935లోనే తయారుచేశాడు. ఒక్కో లేబొరేటరీలో ఒక్కో అంకె వచ్చే ఇబ్బందిని తొలగించడానికి 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐఎన్ఆర్ అనే ఉమ్మడి కొలమానం తెచ్చింది. కచ్చితత్వంలో గాజు ట్యూబు దీనికి సాటి రాదు. కానీ దానికి సిట్రేట్ కలిపిన ట్యూబులో సరిగ్గా గీత దాకా నింపిన రక్తం, దాన్ని గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్, చల్లగా దాచిన రసాయనాలు, నిలకడైన కరెంటు, పనితెలిసిన టెక్నీషియన్ కావాలి. ప్లేట్‌లెట్ల పనితీరును కొలిచే పరీక్షలది మరీ సున్నితపు వ్యవహారం. భౌతిక శాస్త్రవేత్త మాక్స్ బోర్న్ కుమారుడు గుస్తావ్ బోర్న్ 1962లో కనిపెట్టిన అగ్రిగోమీటర్ పద్ధతిలో, ప్లేట్‌లెట్లు గుంపులు కట్టేకొద్దీ ప్లాస్మాలోంచి వెలుతురు ఎంత ఎక్కువగా దాటుతుందో చూస్తారు. రక్తం తీసిన సుమారు నాలుగు గంటల్లో అది పూర్తికావాలి. బీజాపూర్ లోపలి గ్రామం నుంచి శాంపిల్ జగ్దల్‌పూర్ చేరేలోపే గడువు దాటిపోవచ్చు.

అరచేతిలో ఇమిడే ఐఎన్ఆర్ మీటర్లు ఉన్నాయి కదా అనవచ్చు. గుండె కవాటాలు మార్పించుకున్నవాళ్లు ఇంట్లో వాడుకునేవి అవే. కానీ పాము విషం సోకిన రక్తం విషయంలో అవి మోసం చేస్తాయి. ఆస్ట్రేలియాలో పాము కాటు రోగుల మీద పరీక్షించిన పరిశోధకులు, రక్తం గడ్డకట్టని స్థితిలో ఉన్నవారికీ ఆ మీటర్లు మామూలు అంకెలే చూపించాయని 2013లో హెచ్చరించారు. ఫైబ్రినోజెన్ ఉందో లేదో అవి నేరుగా చూడవు. గాజు ట్యూబు చూసేది ప్రధానంగా దాన్నే.

అయితే గాజు ట్యూబు మాత్రం తప్పు చెప్పదా? చెబుతుంది. ఎప్పుడు చెబుతుందన్నదే అసలు విషయం. పొరుగున ఉన్న శ్రీలంక అనుభవం ఇందుకు సాక్ష్యం. రక్తపింజర కాటుకు గురైన రోగుల మీద జరిగిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. రక్తం దెబ్బతిన్నట్టు లేబొరేటరీలో రుజువైన రోగుల్లో సుమారు 40 శాతం మందిని మాత్రమే ఆసుపత్రి వార్డులో చేసిన ఈ పరీక్ష పట్టుకోగలిగింది. మిగిలినవాళ్లకు విరుగుడు ఆలస్యమైంది. పరీక్ష పనికిరాదన్న వాదన బలపడింది. 2017లో అదే దేశంలో మరో అధ్యయనం వచ్చింది. ఈసారి ట్యూబు పరిమాణం, రక్తం కొలత ముందే నిర్ణయించారు. శిక్షణ ఇచ్చిన సిబ్బంది చేత చేయించారు. పట్టుకున్న కేసులు 80 శాతం దాటాయి. పరీక్ష అదే, పామూ అదే. మారినవి ట్యూబు, దాన్ని పట్టుకున్న చేయి.

ఈ రెండు అంకెల మధ్య తేడాయే బస్తర్‌కు కావలసిన పాఠం. ట్యూబు అడుగున నాలుగు చుక్కల నీళ్లుంటే ఫలితం నమ్మడానికి లేదు. వాడిన ట్యూబునే సబ్బునీళ్లతో కడిగి మళ్లీ వాడితే ఆరోగ్యవంతుడి రక్తం కూడా గడ్డకట్టక పోవచ్చు. అవసరం లేని మనిషికి అప్పుడు మందు ఎక్కుతుంది. ప్లాస్టిక్ ట్యూబులో పోసినా ఇంతే. పది నిమిషాలకోసారి ఆదుర్దాగా వంచి చూసినా లెక్క తప్పుతుంది. తోడుపెట్టిన గిన్నెను కదపకూడదని తెలుగిళ్లలో చిన్నపిల్లలకూ తెలుసు. రక్తం విషయంలోనూ సూత్రం అదే. ట్యూబు మీద అనుమానముంటే దానికీ మందుంది. రోగి వెంట వచ్చిన ఆరోగ్యవంతుడైన బంధువు రక్తాన్ని అలాంటి మరో ట్యూబులో పోసి పక్కన పెట్టాలి. అది గడ్డకట్టి ఇది కట్టకపోతే తేడా రోగిలో ఉన్నట్టు. రెండూ కట్టకపోతే తేడా ట్యూబులోనే.

గడియారం చూడటం కూడా పరీక్షలో భాగమే. వచ్చిన వెంటనే చేసిన పరీక్షలో రక్తం గడ్డకడితే అంతటితో నిశ్చింత లేదు. విషం నెమ్మదిగా ఎక్కవచ్చు. అందుకే మొదటి మూడు గంటలూ గంటకోసారి, తర్వాత ఒక రోజంతా ఆరు గంటలకోసారి చేయాలని నిబంధన. గడ్డకట్టకపోతే సాధారణంగా పది వయల్స్ విరుగుడు ఎక్కించి, ఆరు గంటల తర్వాత మళ్లీ చూస్తారు. ఆరు గంటలే ఎందుకంటే, విషం విరిగాక కాలేయం కొత్త ఫైబ్రినోజెన్ తయారుచేసుకోవడానికి సుమారు అంత సమయం పడుతుంది. ఈలోగా ట్యూబు మాటిమాటికీ చూసి, గడ్డకట్టలేదని కంగారుపడి వయల్స్ కుమ్మరిస్తే మందు వృథా. పిల్లలకైనా మోతాదు పెద్దవాళ్లదే. పాము మనిషి వయసు చూసి విషం తగ్గించదు కదా. రక్తం గడ్డకట్టడం మొదలయ్యేదాకా కండకు ఇచ్చే ఇంజెక్షన్లు కూడా ఆపాలి. అలవాటుగా పొడిచే టెటనస్ సూది సైతం లోపల రక్తం గూడుకట్టడానికి దారి తీయవచ్చు.

ఈ పరీక్షకు మరో హద్దు కూడా ఉంది. దాన్ని మరిస్తే ప్రాణాలు పోతాయి. కట్లపాము, నాగుపాము విషాలు ముఖ్యంగా నరాల మీద పనిచేస్తాయి. రక్తాన్ని ముట్టుకోవు. నేల మీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కట్లపాము కాటేస్తే చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, కాసేపటికి కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దకావడం, చివరికి ఊపిరాడకపోవడం. ఆ రోగి రక్తం ట్యూబులో చక్కగా గడ్డకడుతుంది. 'టెస్ట్ బాగానే ఉంది' అని ఇంటికి పంపితే అదే ఆఖరి చూపు. ట్యూబు ఇరవై నిమిషాలు నిలబడి ఉన్నప్పుడు నర్సు చూడాల్సింది రోగి కళ్లను. రక్తానికి గాజు, నరాలకు రెప్పలు. రెండు పరీక్షలూ కలిస్తేనే ఒక పరీక్ష.

చదువుకున్నవాళ్లలో ఉన్న ఇంకో అపోహ ప్లేట్‌లెట్ల గురించి. డెంగీ పుణ్యమా అని నగరాల్లో ప్రతి జ్వరానికీ ప్లేట్‌లెట్ల అంకె అడగడం అలవాటైంది. బస్తర్‌లో ఆ అంకెను కిందికి లాగే పాత శత్రువు ఫాల్సిపారం మలేరియా. మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు మలేరియాలో యాభై వేల కిందికి పడిపోవడం అరుదు కాదు. అయినా ట్యూబులో ఆ రోగి రక్తం గడ్డకడుతుంది. గడ్డ ముడుచుకుని గట్టిపడటంలో తేడా వస్తుంది, అంతే. అదే రక్తపింజర కాటు రోగికి తొలి గంటల్లో ప్లేట్‌లెట్లు లక్షల్లోనే ఉండవచ్చు, రక్తం మాత్రం నీళ్లలా ఉంటుంది. ప్లేట్‌లెట్ల సంఖ్య, వాటి పనితీరు, రక్తం గడ్డకట్టడం మూడు వేర్వేరు సంగతులు. బ్లడ్ కౌంట్ యంత్రం అచ్చేసి ఇచ్చిన కాగితం చూసి పాము కాటు రోగికి ప్రమాదం లేదనుకుంటే, చూడాల్సినదాన్ని చూడనట్టే.

సమస్య పరిమాణం చిన్నదేమీ కాదు. దేశవ్యాప్త మరణాల సర్వే ఆధారంగా 2020లో వెలువడిన అంచనా ప్రకారం 2000-2019 మధ్య భారత్‌లో పాము కాటుతో 12 లక్షల మంది చనిపోయారు. ఏడాదికి సగటున 58 వేలు. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. బస్తర్‌ను ఆనుకుని ఉన్న ఒడిశా మరొకటి. వానాకాలంలో పొలం పనిచేసే ఊళ్లే ఇందులో ముందుంటాయి. కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలన్నది లక్ష్యం. అదే ఏడాది నవంబరులో పాము కాటు కేసులను తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జబ్బుల జాబితాలో చేర్చాలని రాష్ట్రాలను కోరింది.

విరుగుడు మందుకూ పరిమితులున్నాయి. దేశంలో వాడే సీరం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నజాతి రక్తపింజర అనే నాలుగింటి విషాలతో తయారవుతుంది. ఆ విషంలో అత్యధిక భాగం తమిళనాడులోని ఇరులర్ల సహకార సంఘం సేకరించి ఇచ్చేదే. ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు చూపారు. దక్షిణ తీరపు పాము విషంతో చేసిన మందు మధ్య భారతపు అడవి పాము కాటుకు అంతే బలంగా పనిచేయకపోవచ్చు. అలాంటప్పుడు మందు పనిచేసిందో లేదో మంచం పక్కనే తేల్చేది మళ్లీ ఆ ట్యూబే. ఆరు గంటల తర్వాత కూడా రక్తం జారుతోందంటే మరో విడత మందు కావాలని, రోగిని ఎలాగైనా పెద్దాసుపత్రికి చేర్చాలని అర్థం.

మారుమూల పల్లెలో లేబొరేటరీ పరీక్షలు సాగవన్న నిరాశకు బస్తరే సమాధానం చెప్పింది. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన 'మితానిన్' కార్యక్రమం ఆ తర్వాత దేశమంతటా వచ్చిన ఆశా కార్యకర్తలకు ముందు నడిచింది. 2020 జనవరిలో మొదలైన 'మలేరియా రహిత బస్తర్' కార్యక్రమంలో సిబ్బంది గడపగడపకూ వెళ్లి, జ్వరం లేనివాళ్లకూ వేలి మీద చుక్క రక్తం తీసి కార్డుతో పరీక్ష చేశారు. అక్కడ చదువు అడ్డురాలేదు, అడవి అడ్డురాలేదు. ఎందుకంటే ఆ కార్డు వెనక సరఫరా ఉంది, శిక్షణ ఉంది, లెక్క అడిగేవాళ్లున్నారు. గాజు ట్యూబుకు లేనివి అవే. దాన్ని ప్రచారం చేసి అమ్ముకునే కంపెనీ ఏదీ ఉండదు. అందులో అమ్మడానికి ఏమీ లేదు మరి. అది ఆసుపత్రి స్టోరు జాబితాలో చిల్లర సామాను.

చేయాల్సినది కూడా అంత చిల్లరగానే కనిపిస్తుంది. ప్రతి ఆరోగ్య కేంద్రంలో విరుగుడు వయల్స్ ఉన్న అలమరలోనే సీలు విప్పని గాజు ట్యూబుల పెట్టె ఒకటి ఉండాలి. వాటిని మరో పనికి వాడకూడదు, కడిగి తిరిగి పెట్టకూడదు. గోడ మీద గడియారం, దాని కింద హిందీలో, గోండీలో, హల్బీలో, సరిహద్దు ఊళ్లలో తెలుగులో నాలుగు ముక్కల సూచనలు ఉండాలి. జూన్ రాకముందే నర్సులందరి చేతా ఒకసారి చేయించి చూడాలి. ఎన్ని పరీక్షలు చేశారో, ఎన్నింటికి పక్కన బంధువు ట్యూబు పెట్టారో రిజిస్టరులో రాయాలి. బైగా-గునియాల దగ్గరికి వెళ్లే జనాన్ని తిట్టి ప్రయోజనం లేదు. పొడి కాట్లు తమంతట తామే నయమవుతాయి కాబట్టి మంత్రానికి పేరు వస్తుంది. ఆ గునియానే ఆరోగ్య కేంద్రానికి పిలిచి, తన ఊరివాడి రక్తం ట్యూబులో గడ్డకట్టకుండా జారడం కళ్లారా చూపిస్తే, ఏ కాటు తన చేతిలో లేనిదో ఆయనకూ తెలుస్తుంది.

ఆసుపత్రికి కోట్ల రూపాయల యంత్రం వస్తే రిబ్బను కత్తిరిస్తారు, ఫొటో దిగుతారు. గాజు ట్యూబు పెట్టె వస్తే ఎవరూ రారు. కానీ వానాకాలపు రాత్రి కరెంటు పోయిన ఆరోగ్య కేంద్రంలో, మంచం మీద మోసుకొచ్చిన మనిషికి ఏ మందు ఎప్పుడు ఇవ్వాలో చెప్పేది ఆ ట్యూబే. అది పొడిగా ఉండాలి. పక్కన ఒకరు ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవాలి.